మంచు టైర్లు

యజమాని కుటుంబం కువైట్ నుంచి టర్కీకి రోడ్డు మార్గాన బయలుదేరుతోంది. మంచులో తనే బండి నడుపుతాననే సంబరంతో, డ్రైవరు బాలసుబ్బయ్య కువైట్‌లోనే దజీజ్ ప్రాంతంలో ఉన్న టైర్ల కొట్టుకు వచ్చాడు.

“ఇరవై అంగుళాల చక్రాలే ఉంచుదామా అన్నా? సోకుగా ఉంటాయి,” అన్నాడు కొట్టులోని నాగరాజు.

“సోకెందుకబ్బా? పద్దెనిమిది ఎయ్యి. దానికి సన్న టైరొస్తాది, సన్నంగుంటే మంచులో పట్టు దొరుకుతాది. చక్రం, టైరు కలిపి మొత్తం ఎత్తు మాత్రం మారగూడదు.”

“నువ్వెప్పుడన్నా మంచు సూసినావా?”

“ఇప్పుడు సూస్తా గదా!”

అంతలో యజమాని ఫోను చేశాడు. బండి కొడుకు నడుపుతాడట. సుబ్బయ్య ఇంటికి కాపలా ఉండాలట.

“ఖలాస్. నేను పోయేది లేదంట.”

“అయితే ఇరవయ్యే ఉంచేదా?”

“వద్దు. ఆ పిల్లోడు దూకుడుగా తోల్తాడు. పద్దెనిమిదే ఎయ్యి.”

ఎండిన రోడ్డు మీద కొత్త టైర్లు వింతగా హోరుమంటుంటే, ఖాళీ బండిని అతడు నెమ్మదిగా ఇంటివైపు నడిపాడు. ఆ టైర్ల మీద అతని ప్రయాణం అంతవరకే.