సార్వా కోపం

ప్రతి సార్వాకీ, వరి కోతల వేళ వాయుగుండం కబురు రాగానే సత్యవాణికి కోపం తెప్పించడం ఆ ఇంటి పనుల్లో ఒకటి. గోనెసంచులు దులపాలి, టార్పాలిన్ బరకాలు పరవాలి, వాణికి కోపం తెప్పించాలి. ఆమెకి కోపం వస్తే చుట్టూ పది గజాల్లో తడి అన్నది మిగలదు. పక్కింటి పెద్దింట్లమ్మ అయితే వీధిలోంచే "ఇవాళ మీ వాణి ఎలా ఉందండీ?" అని కనుక్కుని, వడియాల పళ్లెం తెచ్చి అరుగు మీద పెట్టి పోతుంది.

వాణి అన్న బుల్లిరాజు ధాన్యం తేమ మిషనులో ఏనాడూ పదిహేడు శాతం దాటలేదు. ఊరంతా మొలకలొచ్చిన ధాన్యం చూసుకుని ఏడుస్తుంటే ఈయన లారీకి తాళ్లు బిగించేవాడు. చెల్లెలికి కోపం తెప్పించడానికి ఆయన దగ్గర ఉన్నది ఒకటే మందు. కారు.

నాన్న పోతూ పోతూ తన మారుతి కారు కూతురి పేర రాశాడు. నడపడం నేర్పిందీ ఆయనే. ఆ కారెక్కి తనకు నచ్చిన చోటికి తాను పోవాలన్నది తప్ప వాణి ఎవరినీ ఏమీ అడగలేదు. దినవారాలు కాగానే బుల్లిరాజు దాన్ని షెడ్డులో పెట్టి తాళం వేశాడు. "వచ్చే ఏడు ఇస్తాలే" అన్నాడు. తొమ్మిది సార్వాలు అదే మాట. ఆ మాట అన్న ప్రతిసారీ కళ్లంలో ధాన్యం గలగలలాడింది.

ఈ ఏడు వాయుగుండం పెద్దదన్నారు. బుల్లిరాజు కూడా మోతాదు పెంచాడు.

"రేపు పాత ఇనుప సామాన్లవాడు వస్తాడు. ఆ కారు పట్టుకుపోమన్నాను" అన్నాడు, పెరుగన్నం కలుపుకుంటూ.

మర్నాడు పొద్దున్నే ఆయన సంచుల కోసం సొసైటీకి వెళ్లాడు. వాణి షెడ్డు తాళాన్ని పిడికిట్లో పట్టుకుని తొమ్మిదేళ్లూ గుర్తు చేసుకుంది. తాళం ముద్దయి కాళ్ల దగ్గర పడింది. అప్పుడు పాలకొల్లు మెకానిక్కు త్రిమూర్తులికి ఫోన్ చేసింది.

త్రిమూర్తులు వస్తూనే కంపు కొడుతున్న పాత పెట్రోలంతా తీసేసి కొత్తది పోశాడు. తను తెచ్చిన బ్యాటరీ పెట్టాడు. అయినా ఇంజను పలకలేదు. క్లిప్పులు వదులు చేసి, పైపుల మధ్యనుంచి చిన్న ప్లాస్టిక్ ఫిల్టరు లాగాడు. లోపలంతా నల్లటి జిగురు. గుడ్డతో తుడిచి, ఒక చివర నోట పెట్టి ఊదాడు. బుగ్గలు ఉబ్బాయి గానీ గాలి అటు దాటలేదు.

"ఇంజనుకి ఏ రోగమూ లేదండి. ఇది అందనివ్వట్లేదు, అంతే" అన్నాడు. తరవాత కాస్త నసిగాడు. "అమ్మాయిగారూ, పైపు తెరిచుంది. పెట్రోలు కారుతోంది. మీరు కొంచెం..."

"నవ్వుతూ ఉండాలా?"

"దూరంగా ఉన్నా చాలండి."

సరిగ్గా అప్పుడే బుల్లిరాజు బండి వచ్చి ఆగింది. మబ్బు కమ్ముకొస్తోంది. వాణి ఈసారి కళ్లం వైపు పోలేదు, ధాన్యం పచ్చిగానే ఉంది. తెరిచిన షెడ్డు చూడగానే ఆయనకి ఒళ్లు తెలియలేదు. ఇన్నేళ్లు దాచుకున్న మాట త్రిమూర్తులు ముందు నోరు జారింది.

"కారు దాని చేతికిస్తే ఇంక దానికి కోపం ఎక్కణ్ణుంచి వస్తుందిరా? నా ధాన్యం ఎవడు ఆరబెడతాడు, నీ బాబా?"

తన కోపం కోసమే కారు దాచాడని వాణికి అప్పటిదాకా తెలియదు. ఆడపిల్ల కారు నడిపితే అన్నకి పరువు తక్కువ కాబోలనుకుంది. పరువు కూడా కాదు. తొమ్మిదేళ్లు తనని పొయ్యిలా వాడుకున్నాడు.

ఒళ్లంతా భగ్గుమంది. పైపు చివర ఇంకో చుక్క వేలాడుతోంది. వాణి పరుగున పోయి గేదెల తొట్టిలో మోచేతుల దాకా చేతులు ముంచింది. నీళ్లు కుతకుత ఉడికాయి.

"కానివ్వండి త్రిమూర్తులు గారూ" అంది, పళ్ల బిగువున.

"కళ్లంలోకి రావే! ఇక్కడెందుకు దండగ?" అని అరిచాడు బుల్లిరాజు.

త్రిమూర్తులు బాణం గుర్తు ఇంజను వైపు ఉందో లేదో రెండుసార్లు చూసుకుని కొత్త ఫిల్టరు తొడిగాడు. క్లిప్పులు బిగించాడు. కింద పడ్డ పెట్రోలు మీద ఇసక పోశాడు. పైపంతా వేలితో తడిమాడు.

"చుక్క కారట్లేదండి. ఇంక మీ ఇష్టం. ఎంత కావాలంటే అంత కోప్పడండి."

నాలుగోసారికి ఇంజను దగ్గి, అందుకుంది. వాన మొదలైంది. బుల్లిరాజు గేటుకి అడ్డంగా నిలబడ్డాడు. వాణి హారను కొట్టలేదు, అద్దంలోంచి చూసిందంతే. తడిసిన చొక్కా ఆయన ఒంటి మీదే పెళపెళలాడింది. పక్కకి తప్పుకున్నాడు.

కాలవ గట్టు రోడ్డు పొడుగునా కౌలు రైతుల ధాన్యం బరకాల కింద నానుతోంది. "వాణమ్మ వస్తోంది, బరకాలు తీయండ్రా!" అని ఎవరో కేకేశారు. జోరువానలోనే బరకాలు లేచాయి. వాణి మొదటి గేరులోనే, పళ్లు కొరుకుతూ పోనిచ్చింది. మొదటి రాశి దగ్గర మొదటి ఏడు, రెండో రాశి దగ్గర రెండో ఏడు తలుచుకుంది. ధాన్యం ఆరిపోతూ వచ్చింది, వెనకే బరకాలు మళ్లీ పడుతూ వచ్చాయి.

మధ్యాహ్నం పాత ఇనుప సామాన్లవాడు వచ్చాడు. కారు లేదు. తాళం ముద్ద సంచిలో వేసుకుని పోయాడు.

మూడో రోజు బుల్లిరాజు బరకం ఎత్తి చూశాడు. ధాన్యం నిండా తెల్లటి మొలకలు. ఆయనకి పట్టరాని కోపం వచ్చింది. రాశి ముందు నిలబడి గొంతు పోయేదాకా అరిచాడు. ఒక్క గింజ ఆరలేదు.