జైతూన్‌బీ చెయ్యి

చాంపియన్ రీఫ్స్ లైన్ ఇండ్లల్లో తెల్లారకముందే స్టవ్వులు వెలుగుతాయి. బంగారు గనులు మూసేసినాక ఈ ఊర్లో పని యాడుండాది? అందరికీ బెంగళూరు ట్రెయినే గతి. గౌసియా కూడా దానికే పోయేది. గార్మెంట్స్ కంపెనీలో చొక్కాలకి కాలర్లు కుట్టే పని. టిఫిన్ డబ్బా సంచిలో వేసుకొని, చీర కొంగు తలమీదికి లాక్కొని, "సబీహా, లెయ్యవే, తలుపేసుకో" అని కేకేసి ఉరికేది. కూతురు సబీహా లేచి, మొహం కడుక్కొని, టీ తాగి, మేకుకి తగిలించిన బూడిదరంగు స్కార్ఫు తీసి తలకి చుట్టుకొని గడ్డం కింద పిన్ను పెట్టుకొనేది. పిన్ను పడంగానే వాళ్ల నానీ జైతూన్‌బీ చెయ్యి వచ్చి ఆ పిల్ల తలమీద కుదురుకొనేది. ఇంగ పుస్తకాలు తీసి చదువుకొనేది.

జైతూన్‌బీ అంటే గౌసియా తల్లి. చనిపోయి అప్పటికి రెండేండ్లు దాటింది.

ఆ చెయ్యి సంగతి చెప్పాలంటే ఆమె మొగుడు ఖాజా సాబు కాడ మొదలుపెట్టాల. ఆయన గని లోపల పని చేసేవాడు. డ్యూటీకి పోయే ముందు దినమ్మూ జైతూన్‌బీ ఆయన తలమీద అరచెయ్యి పెట్టి బిస్మిల్లా అని పంపించేది. ఒకనాడు కూరలో ఉప్పు ఎక్కువైందని ఆయన గొణిగినాడు. ఈమెకి రోషం వచ్చింది. మొహం తిప్పుకొని పొయ్యి కాడే కూచునింది, చెయ్యి పెట్టలేదు. ఆ షిఫ్టులోనే లోపల బండ పగిలింది. లైన్ ఇండ్లల్లో గిన్నెలు అటకమీద నుంచి జారి కింద పడినాయి. ఆయన్ని పైకి తెచ్చినారు గానీ మొహం ఆమెకి చూపించలేదు.

ఆ తరవాత ఆమె గడప దాటే మనిషి ఎవరైనా సరే, తలమీద ఆమె చెయ్యి పడాల్సిందే. గౌసియాకి, సబీహాకి సరే. పక్కింటి సొన్నమ్మకి, పాలు పోసే ఆంజనప్పకి, కరెంటు బిల్లు ఇచ్చేదానికి వచ్చే ఆయనకి కూడా తప్పేది కాదు. "ఏందమ్మా ఇది, జుట్టంతా చెదిరిపోయ" అని విసుక్కొనేవాళ్లు కూడా తల వంచేవాళ్లు. ఆమె కుడిచెయ్యి చిటికెన వేలు రోకలి కింద పడి వంకరపోయింది. ఆ వేలు సరిగ్గా చెవి వెనక తగిలేది.

ఆమె పోయినాక, నలభై దినాల ఫాతిహా అయినాక, ఆమె బట్టలు తలా ఒకటి పంచినారు. స్కార్ఫు సబీహాకి వచ్చింది. ఊరికే చుట్టుకొని చూద్దామని చుట్టుకొనింది. చుట్టుకొని అట్లే నిలబడిపోయింది.

"అమ్మీ, నానీ ఇందులోనే ఉండాది."

గౌసియా తీసి తను కట్టుకొనింది. చెవి వెనక వంకర వేలు తగిలింది. కూచోని కడుపునిండా ఏడ్చింది. తరవాత లేచి, స్కార్ఫు మడిచి కూతురికిచ్చి, టీ పెట్టింది. లైన్‌లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. సొన్నమ్మకి తలనొప్పి వచ్చినప్పుడల్లా వచ్చి, "ఒక గడియ మీ నానీని ఇస్తావా పాపా" అని అడిగి, స్కార్ఫు కప్పుకొని అరుగుమీద కూచునేది. నొప్పి తగ్గినాక ఇచ్చేసేది.

సబీహా దినమ్మూ దాన్ని కట్టుకొనే కాలేజీకి పోతానంటే గౌసియాకే నచ్చలేదు.

"నీ వయసులో నేను కట్టుకొన్నానా? ఎండలో ఉడికిపోతావు. ఎవరు చెప్పినారే నీకు?"

"ఎవరూ చెప్పలే అమ్మీ. నాకే కావాల."

పిల్లకి మనుషులు గుమిగూడితే భయం, పరీక్ష పేపరు చూస్తే చదివింది గుర్తుకు రాదు. తలమీద చెయ్యి ఉంటే ఏ భయమూ లేదు. పీయూసీ, అదే ఇంటరు, పాసై కోలారులో నర్సింగు చదవాలని ఆశ. గౌసియాకి ఉండే ఆశ ఒకటే. తన కూతురు ఆ బెంగళూరు ట్రెయిను ఎక్కకూడదు.

రెండో పీయూసీలో ఉండంగా, ఫిబ్రవరిలో, పైనుంచి ఆర్డరు వచ్చింది. స్కార్ఫు తీసేసి లోపలికి రావాలని గేటు కాడే ఆపినారు. పదిహేడేండ్ల పిల్ల నెత్తిన ఉండే గుడ్డ ఎవరికేం బరువైందో నాకైతే ఈ రోజుకీ తెలీదు. కొందరు తీసేసినారు, కొందరు ఇంటికి పోయినారు. ఎవరి ఇంటి కష్టం వాళ్లది, ఎవర్ని తప్పు పడతాం?

సబీహా మొదట తీసింది. మడిచి, బ్యాగులో పెట్టి, జిప్పు వేసింది. సాయంత్రం గేటు బయట మళ్లా కట్టుకొంటే నానీ చెయ్యి చల్లగా ఉండాది. ఇంగొక నాలుగు దినాలకి బొటనవేలు తెలియలేదు. తరవాత అరచెయ్యి పలచబడింది. ఇంట్లో మేకుకి ఎంతసేపు తగిలించినా ఏమీ కాని చెయ్యి, బ్యాగులో మూసిపెట్టే కొద్దీ పోతా వచ్చింది. సొన్నమ్మ తలనొప్పికని కప్పుకొని వెంటనే తీసేసింది.

"ఓ గౌసియా, మీ అమ్మ చెయ్యి ఊపిరి మాదిరి అయిపోయిండాదే! ఇంగొక్కసారి మూసినారంటే మిగలదు."

ఆ మాట విన్న కాడి నుంచి సబీహా కాలేజీ మానేసింది. ఇంట్లోనే స్కార్ఫు కట్టుకొని చదివింది. చెయ్యి మళ్లా ఊరలేదు గానీ, వంకర వేలు మాత్రం చెవి వెనక నిలిచింది. ఇట్లుండంగా పరీక్షలు వచ్చినాయి.

"పోయి రాసి రా" అనింది గౌసియా.

"తీస్తే నానీ పోతాది అమ్మీ."

"పోనీ."

"ఎట్లంటావు ఆ మాట? ఇంగొకసారి ఆమెని మట్టిలో పెట్టమంటావా?"

గౌసియాకి కోపం నెత్తికెక్కింది. "నీకు నానీ ఏమో, నాకు అమ్మే! నీకంటే ముందు ఆ చెయ్యి నాది. నాకు కడుపు కాలదనుకొన్నావా? రేపు నాతో పాటు ట్రెయిన్లో వేలాడతావా? కాలర్లు కుడతావా?" అనింది. అని, చెయ్యి చాపి, "ఈ సాయంత్రం నాకియ్యి దాన్ని" అని అడిగి తీసుకొనింది. స్కార్ఫు కట్టుకొని చపాతీలు ఒత్తింది. పిండి అయిపోయినా పీట ముందర నుంచి లేవలేదు.

మరుసటి దినం ఇద్దరూ కలిసి పోయినారు. గౌసియా పనికి లీవు పెట్టింది. బంగారం తీసినాక పారబోసిన సైనైడ్ మట్టి దిబ్బల మీద నుంచి గాలి లేచి, తెల్ల దుమ్ము ఊరంతా కొట్టింది. అట్లాంటి గాలికి ఇక్కడ ఆడోళ్లందరూ తల కప్పుకొంటారు, ఏ కులమైనా సరే. గేటు కాడ వత్సల మిస్సు కూడా కొంగు తలనిండా కప్పుకొని, అంచు పళ్లతో పట్టుకొని నిలబడుండాది. సబీహాకి బయాలజీ చెప్పిన టీచరు ఆమె. మంచిదే.

"సబీహా, టైమ్ అయిపోతాంది తల్లీ. నా చేతిలో ఏం లేదు. తీసేసి రామ్మా" అనింది. అన్నాక తన కొంగు గుర్తొచ్చింది. మెల్లగా దించుకొనింది. దుమ్ము వచ్చి ఆమె జుట్టునిండా పడింది.

సబీహా పిన్ను మీద చెయ్యి పెట్టింది. వేళ్లు ఆడలేదు. వెనకాల పిల్లలు తోసుకుంటా లోపలికి పోతాండారు.

"నేను రాయను మిస్" అని వెనక్కి తిరిగింది. గౌసియా నడిరోడ్డులో నిలబడి చూస్తా ఉండాది.

అప్పుడు ఆ చెయ్యి కదిలింది. అన్ని దినాలు తలమీద కుదురుగా ఉండడమే గానీ ఎప్పుడూ కదిలిన చెయ్యి కాదు. చెవి వెనక నుంచి వంకర వేలు బుగ్గమీదికి జారింది, గడ్డం కిందికి వచ్చింది, పిన్ను ఊడదీసింది. పిన్ను కంకర్లో పడింది. స్కార్ఫు జారి భుజాలమీద వాలింది. చెయ్యి పూర్తిగా, అయిదు వేళ్లతో, మొదటి నాటి బరువుతో, ఉత్త జుట్టుమీద ఒక్కసారి పడింది. తరవాత వీపు మీద పడి, గేటు వైపు ఒక తోపు తోసింది.

"నానీ!" అని అరిచింది సబీహా. ఇంగేమీ తగల్లేదు.

ఒక ముసలామె చచ్చినాక కూడా ఇంత పని చెయ్యాల్సొచ్చింది చూడండి. మనసు మండిపోతాది నాకు.

సబీహా ఏడ్చుకుంటానే పోయి రాసింది. తక్కిన పరీక్షలూ రాసింది. పాసయింది, కోలారు నర్సింగు కాలేజీలో సీటొచ్చింది. ఆ మధ్యలో సొన్నమ్మ ఒకసారి స్కార్ఫు కప్పుకొని చూసి, "ఇంగ ఉట్టి గుడ్డేనమ్మా" అని తిరిగిచ్చేసి, అరుగుమీద కూచోని తనూ ఏడ్చింది. సబీహా మాత్రం ఇల్లు దాటితే దాన్నే కట్టుకొనేది.

"చెయ్యి లేదు గదే, ఇంగెందుకు?" అని గౌసియా అడిగింది.

"చెయ్యి పోయిందమ్మీ. నేనుండాను గదా" అనింది.

హాస్టలుకి పోయే దినం పెట్టె తీసుకొని, పిన్ను పెట్టుకొని, గడప కాడికి వచ్చి సబీహా నిలబడింది. చిన్నప్పటి అలవాటు, తనకే తెలియకుండా తల వంచింది. వంచినాక గుర్తొచ్చి, అట్లే ఉండిపోయింది.

గౌసియా లోపల పిండి కలుపుతా చూసింది. చేతులు కొంగుకి తుడుచుకొని వచ్చి కుడి అరచెయ్యి కూతురి తలమీద పెట్టింది. పెట్టి, కొంచెం ఆలోచించి, చిటికెన వేలు వంచి చెవి వెనక ఆనించింది. సూదులు గుచ్చుకొని గరుకైపోయిన వేలు. అది వంగాల్సిన కాడ వంగలేదు.

"సరిగ్గా ఉండాదా?" అని అడిగింది.

"ఉండాదమ్మీ. అచ్చం నానీ చెయ్యే" అనింది సబీహా.

ఆ చెయ్యి కిందనే పుట్టి పెరిగిన మనిషి గౌసియా. పిల్ల అబద్ధం చెప్తాందని ఆమెకి తెలుసు. అయినా వేలు తియ్యలేదు. కోలారు బస్సు మూల తిరిగి హారను కొట్టేదాకా అట్లే వంచిపెట్టుకొని నిలబడింది.