పిల్లల మెడల్లో పలక

నేను ఒక చెక్కపలకను. విరిగిన బెంచీలోంచి కోసి, రెండు చిల్లులు పొడిచి, తాడు కట్టారు. ‘నేను తెలుగు మాట్లాడిన గాడిదను’ అని నా మీద ఇంగ్లీషులో రాయించారు. రాసినవాడికి ఇంగ్లీషు రాదు, చూసి గీశాడు. తల వంచుకోవాల్సింది మాత్రం పిల్లలు.

హైదరాబాదు శివారులో ఒక ప్రైవేటు బడి నా కాపురం. తెలుగు పలికిన పిల్ల మెడలో నన్ను వేసేవారు. ఆ పిల్ల ఇంకొకరిని పట్టిస్తేనే నేను మెడ మారతాను. సాయంత్రం గంట కొట్టేసరికి ఎవరి మెడలో ఉంటే వాళ్ళు గేటు దగ్గర నిలబడాలి, వచ్చిన తల్లిదండ్రులందరూ చూసేలా. పిల్లల్ని పిల్లల మీదికే ఉసిగొల్పి దానికి స్పోకెన్ ఇంగ్లీషని పేరు పెట్టారు. ప్రిన్సిపాల్ జనార్దన్ సారు మాత్రం తెలుగు మాట్లాడొద్దని తెలుగులోనే తిట్టేవాడు. ఆయన మెడకు నేను సరిపోనేమో.

నేను ఎక్కని మెడ ఒక్క ఝరణాదే. ఒడిశా నుంచి ప్లంబరు పనికి వచ్చినవాడి కూతురు. ఇంట్లో ఒరియా, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు. నోరు మూసుకుంటే ఏ గొడవా ఉండదని వచ్చిన కొత్తలోనే కనిపెట్టింది. క్రమశిక్షణంటే ఇదీ అని సారు ఆ మౌనానికి బ్యాడ్జి పెట్టాడు. తీరా నోటి పరీక్షలోనూ అదే మౌనం ఎదురయ్యేసరికి, వచ్చే పరీక్షలో పలకకపోతే యూకేజీలో కూర్చోబెడతానన్నాడు. నాలుగో తరగతి పిల్లను.

ఆమె పక్కన కూర్చునే రజిత ఊరుకోలేదు. అన్నం తినేటప్పుడు గిన్నె, చెంచా, నీళ్ళు చూపించి ఇంగ్లీషులో ఏమంటారో చెప్పేది. అర్థం కాకపోతే తెలుగులో విడమర్చేది. మీ భాషలో ఏమంటరే అని అడిగేది. ఝరణా పెదవులు కదిలేవి, గొంతు లేచేది కాదు. రజిత మాత్రం రోజూ దొరికిపోయేది. ఇంకెవరినైనా పట్టించి తప్పించుకోవచ్చు కదా. పట్టించలేదు, మొండిది.

ఒక సాయంత్రం సారు వచ్చి, రేపటి నుంచి వేరే బెంచీలో కూర్చోమని రజితకు చెప్పాడు. ఝరణా లేచి నిలబడింది.

“మూ ఒడియా కహుచి,” అంది, నేను ఒరియా మాట్లాడుతున్నానని. వరండా చివర ఊడుస్తున్న ఆయమ్మ తొంగి చూసేంత గట్టిగా. రజిత మెడలోంచి నన్ను లాగి తన మెడలో వేసుకుంది. తర్వాత ఇంగ్లీషు వెతుక్కుంది. “సర్, షీ నో డాంకీ. ఐ టాక్. టుమారో ఆల్సో టాక్.”

అంతే. వెనక బెంచీలోంచి ఒక పిల్ల లంబాడీలో ఏదో అంది. ఇంకొకడు ఉర్దూ అందుకున్నాడు. నాకియ్యి, నాకియ్యి అంటూ అందరూ నా మీద పడ్డారు. మెడలు బోలెడు, పలక ఒక్కటి. తాడు పుటుక్కున తెగింది. ఏందిరా ఈ లొల్లి, నోర్ముయ్యండి అని సారు అరిచాడు.

రజిత నన్ను ఆయన వైపు చాపింది. “సార్, మీరు గూడ తెలుగులనే మాట్లాడిన్రు.”

ఆయన నన్ను అందుకోలేదు.

ఇప్పుడు మేడ మీద విరిగిన కుర్చీల కుప్పలో పడి ఉన్నాను. కింద నోటి పరీక్ష జరుగుతోంది. ఝరణా మాట్లాడుతోంది, తప్పులు తప్పులుగా. టీచరు ఇక చాలమ్మా అంటున్నా ఆపడం లేదు. నాకు కొత్త తాడు కట్టడానికి ఎవడైనా మెట్లెక్కి వస్తే రానీ. చెదలకైనా లొంగుతాను గానీ, వాడికి లొంగను.