వెనకగదికి నెట్ వచ్చిన రోజు

టైలరమ్మ పొద్దున్నే లేచి, స్టవ్ మీద పాలు పెట్టి, వెనకగది ఎక్కడుందో చూసుకున్నాకే మిషన్ ముందు కూర్చునేది. ఆ గదికి ఒకచోట కాలు నిలవదు. ఓ పూట వంటింటిని ఆనుకుని ఉంటుంది, ఇంకో పూట వీధివైపు వచ్చి నిలబడుతుంది, మనసు పుడితే మేడెక్కి కూర్చుంటుంది. ఆరేసిన బట్టలకి ఎండ తగలకుండా అడ్డమొస్తే మాత్రం పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి, గదిని కాస్త అటు జరగమనమని చెప్పి పోయేది.

ఆ రోజు మిషన్ సాగలేదు. చొక్కా చెయ్యి తిరగేసి కుట్టింది, విప్పింది, మళ్లీ తిరగేసే కుట్టింది. పొద్దున శరణాలయం ఆఫీసరమ్మ ఫోన్ చేసింది మరి. బిడ్డని పెంచుకుంటామని టైలరమ్మ, బస్సు నడిపే ఆమె భర్త అడుగుతూ అడుగుతూ ఏళ్లు గడిచాయి. వచ్చే వారం వీడియోలో మాట్లాడదామన్న ఆఫీసరమ్మ, ఇవాళ మధ్యాహ్నమే కుదిరిందంది. పిల్ల ఉండబోయే గదిలోనే కూర్చుని మాట్లాడాలంది. భర్తేమో డ్యూటీలో ఉన్నాడు. టైలరమ్మది మీటల ఫోను, మాటలకి తప్ప దేనికీ పనికిరాదు. ఇక మిగిలింది ఇంట్లో ఉన్న పాత లాప్‌టాప్, అప్పుడే వచ్చిన నెట్ కంపెనీ మనిషీ.

అతను ముందుగది గోడకి రౌటర్ బిగించాడు. వెనకగదిని ఓసారి చూసి, గది తిరిగే ఇళ్లలో వైర్‌లెస్ అంతగా అందదని, అడక్కుండానే పెద్ద వైరుచుట్ట వదిలాడు. లాప్‌టాప్ తెరిచాక మాత్రం తెల్లబోయాడు.

"ఇదేం కంప్యూటరండీ?"

"విండోస్ కాదట, లినక్సట. మా మరిది ఎక్కించాడు."

ఇలాంటిది ఏ ఇంట్లోనూ చూడలేదన్నాడు. కంపెనీ ప్రోగ్రామ్ దీనిలోకి ఎక్కదని, రేపు తన లాప్‌టాప్ తెచ్చి పని పూర్తి చేస్తానని చెప్పి, కనెక్షన్ పేరూ పాస్‌వర్డూ ఉన్న చీటీ చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. రౌటర్ మీద ఎర్రదీపం వెలుగుతూనే ఉంది.

టైలరమ్మ కూర్చుంది, లేచింది, మంచినీళ్లు ముంచుకుని తాగకుండానే పక్కన పెట్టింది. చివరికి మరిదికి ఫోన్ చేసింది. అచ్చాఫీసులో పని చేసే ఆ మనిషికి మిషన్ల మోతలో ఏదీ ఓ పట్టాన వినిపించదు. రెండుసార్లు చెప్పించుకుని, బయటికొచ్చాడు.

"ప్రోగ్రామూ లేదు, ఏమీ లేదు వదినా. వైరు ఓ కొస రౌటర్లో, ఇంకో కొస లాప్‌టాప్‌లో పెట్టు. బ్రౌజర్ తెరిచి, రౌటర్ అంచున స్టిక్కర్ మీదున్న అంకెలు పైన కొట్టు. రౌటరే తలుపు తీస్తుంది."

తీసింది. తెల్లటి పేజీ వచ్చింది. కనెక్షన్ పేరు, పాస్‌వర్డ్ ఎక్కడ రాయాలో మరిది చెబుతుంటే ఒక్కో అక్షరం సూదిలో దారం ఎక్కించినట్టు ఎక్కించింది. దీపం ఎర్రగానే ఉంది. మళ్లీ కొట్టింది. ఎర్రగానే ఉంది. ఇక నా వల్ల కాదంది. సున్నా ఉండాల్సిన చోట 'ఓ' అక్షరం కొట్టావేమో చూడమన్నాడు మరిది. నిజంగానే కొట్టింది. దిద్దింది. దీపం పచ్చబడింది. ఎప్పుడైనా పనికొస్తుందని వైర్‌లెస్ పాస్‌వర్డ్ కూడా లాప్‌టాప్‌లో కొట్టించాడు మరిది.

వైరు పరుచుకుంటూ, లాప్‌టాప్ చంకన పెట్టుకుని వెనకగదికి పరిగెత్తింది. అప్పటికది వంటింటి పక్కనుంది. కూర్చుని, మరిది చెప్పిన చోట వీడియో కాల్ నొక్కి, జుట్టు సర్దుకునేలోపే తెర మీద ఆఫీసరమ్మ కనిపించింది. ఆమె వెనకాల ఓ పిల్ల ఈ తలుపులోంచి వచ్చి ఆ తలుపులోంచి పోతోంది.

ఆఫీసరమ్మ దాచకుండా చెప్పింది. పిల్లకి ఆరేళ్లు. ఇంతకుముందు రెండిళ్లవాళ్లు తీసుకెళ్లారు, రెండిళ్లవాళ్లూ తిరిగి దింపేశారు. కొట్టదు, తిట్టదు. తలుపు తెరిచి ఉంటే చాలు, వెళ్లిపోతుంది. వెతకలేక అలిసిపోయారు వాళ్లు. "మీరూ ఆలోచించుకుని చెప్పండి. ఇక్కడితో ఆగినా నేనేమీ అనుకోను."

టైలరమ్మకి భర్త పక్కనుంటే బాగుండేదనిపించింది. సరిగ్గా అప్పుడే గది కదిలింది.

"గది నడుస్తున్నట్టుంది. కెమెరా గట్టిగా పట్టుకోండి," అంది ఆఫీసరమ్మ.

టైలరమ్మ భయం గది గురించి కాదు, వైరు గురించి. గడప దగ్గర చుట్ట విప్పుకుంటూ విప్పుకుంటూ బిగుసుకుపోతోంది. ఒక చేత్తో దాన్ని పట్టుకుని, ఇంకో చేత్తో లాప్‌టాప్ పట్టుకుంది. కిటికీలోంచి పక్కింటావిడ దుప్పట్లు పోయాయి, సైకిళ్ల షాపు పోయింది, నిద్రపోతున్న కుక్క పోయింది. తెర మీద అటూ ఇటూ పోతున్న పిల్ల ఆగింది. దగ్గరికొచ్చి, ఆఫీసరమ్మ కుర్చీ చెయ్యి పట్టుకుని చూడసాగింది.

వైరు టప్పున ఊడింది. పిల్ల మొహం తెర మీద అలాగే గడ్డకట్టిపోయింది.

టైలరమ్మ గది గోడని అరచేత్తో తట్టింది. ఎందుకు తట్టిందో ఆమెకే తెలీదు. గది వీధి మలుపు తిరిగి, ముందుగది గోడకి వచ్చి ఆనుకుంది. ఆ గోడకి అవతలే రౌటర్. ఎవరూ ఏమీ నొక్కకుండానే లాప్‌టాప్ వైర్‌లెస్‌లో దాన్ని అందుకుంది. పిల్ల కళ్లు మళ్లీ కదిలాయి.

"ఇప్పుడెటు పోతుంది?" అని అడిగింది పిల్ల.

"నాకు చెప్పదమ్మా," అంది టైలరమ్మ.

పిల్ల కుర్చీ లాక్కుని కూర్చుంది. ఈ పిల్ల ఇంతసేపు ఒకచోట ఉండగా తానెప్పుడూ చూడలేదని ఆఫీసరమ్మ నెమ్మదిగా అంది. ఆలోచించుకోవడానికేమీ లేదని, తీసుకెళ్తామని టైలరమ్మ అంతకంటే నెమ్మదిగా అంది.

పిల్ల వచ్చిన వారంలోనే తలుపు తెరిచి వెళ్లిపోయింది. టైలరమ్మ వీధిలోకి పరిగెత్తేసరికి, పిల్ల చెప్పులు గడప దగ్గర లేవు, వెనకగదీ ఇంటి దగ్గర లేదు. వీధి చివర కిటికీ రెక్క ఒకటి మలుపు తిరుగుతూ కనిపించింది.

బస్సు డ్యూటీ దిగి వచ్చిన భర్త పిల్లేదని అడిగాడు.

"గదిలో ఉంది."

"గదెక్కడుంది?"

"తెలీదు. వచ్చేస్తారు," అని టైలరమ్మ చొక్కా చెయ్యి మిషన్ కింద పెట్టి, తిన్నగా కుట్టుకుంటూ పోయింది.