హరికృష్ణ సారు పన్ను

నాయన చెప్పిన మాట అవ్వకు మొదట వేరేలా వినబడింది.

ఆ రోజు మధ్యాహ్నం నాయన హరికృష్ణ సారును బెంగళూరు విమానాశ్రయం నుంచి తీసుకొచ్చి ధర్మవరంలో దింపి, పెనుకొండలో మా ఇంటికి చేరాడు. సారుకు ధర్మవరంలో పట్టుచీరల దుకాణాలు, మగ్గాల షెడ్లు ఉన్నాయి. నేను పుట్టకముందు నుంచి నాయన ఆయన కారు నడుపుతున్నాడు. కొన్నేళ్లుగా సారు ఎక్కువగా దుబాయిలోనే ఉంటున్నాడు. ఆయన లేనప్పుడు కారు మా వీధి చివర గుడ్డ కప్పుకుని నిలబడి ఉంటుంది.

నేను గడప దగ్గర కూర్చుని చీర కొంగుకు కుచ్చులు వేస్తున్నాను. ఆ చీర కూడా సారు దుకాణానిదే.

"మా సారు ఈ దేశం ఇడిసిపెట్టేసినాడంటమా," అన్నాడు నాయన, చెంబెడు నీళ్లు తాగి. "పాస్‌పోర్టు గూడా వాపసు ఇచ్చేసినాడంట. పన్ను కట్టేది శానా ఎక్కువైతాందని."

అవ్వ నోట్లో ఒక్క పన్ను కూడా లేదు. పళ్లు కట్టించమని ఆమె అడగడం, చూద్దాంలే అని నాయన అనడం మా ఇంట్లో పాత సంగతి.

"ఒక పన్ను కట్టించుకునేదానికి దేశం ఇడిసేదేందిరా?" అంది అవ్వ. "హిందూపురంలో కట్టరా? నాకు నోట్లో ఒగటీ లేదు, నేను ఈడనే ఉండా కదా!"

నాకు నవ్వు ఆగలేదు. నాయనకు నవ్వే ఓపిక లేదు. "ఆ పన్ను కాదుమా," అని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. సారు దుబాయిలో ఉన్నా, ఈ దేశపు మనిషి అయితే ఇక్కడివాళ్లు లెక్కలు అడుగుతారట. అందుకని సముద్రంలో ఏదో చిన్న దీవి పాస్‌పోర్టు కొనుక్కున్నాడట. ఆ దీవి పేరు నాయనకు నోరు తిరగలేదు.

"ఆ ఊర్లో ఎవురుండారు ఆయప్పకు?" అంది అవ్వ.

"ఎవురూ లేరు. ఆయన గూడా పోయి చూళ్లేదంట."

"చూడకుండానే ఎట్ల కొన్నాడో," అని గొణిగింది.

అసలు విషయం నాయన తరువాత చెప్పాడు. సోమందేపల్లి దగ్గర హైవేకి ఆనుకుని పన్నెండెకరాల మెట్ట సారు బేరం చేసి పెట్టుకున్నాడు. ఇప్పుడు ఆయన పరాయి దేశపు మనిషి కాబట్టి సేద్యపు భూమి కొనకూడదు. దాన్ని నాయన పేరు మీద రాయించుకుందామంటున్నాడు. రెండేళ్లేనట. ఆ తరువాత సారు చెప్పినవాళ్లకు నాయన మళ్లీ రాసిచ్చేయాలి. ఊరికే చేయొద్దన్నాడు సారు. నీకేం కావాలో అడుగు ఓబుళప్పా అన్నాడు.

"నువ్వేమన్నావు నాయనా?" అన్నాను.

"మా యమ్మకు పళ్లు కట్టించాల సార్ అన్నా. నోటికి అదే వచ్చింది." ఆ మాట చెప్పేటప్పుడు నాయన నా వైపు చూడలేదు.

మరుసటి రోజు కుళాయి దగ్గర గీతాంజలి కనబడింది. నాతో పాటు ఊరి బడిలో చదువుకుంది. ఇప్పుడు మా వార్డు సచివాలయంలో పని చేస్తోంది. ఎవరి పేరూ చెప్పకుండా అడిగాను.

"మెట్ట పదెకరాలు దాటితే బియ్యం కార్డు పోతాది కదే," అంది బిందె ఎత్తుకుంటూ. "కార్డు పోతే ఆ ఇంట్లో ముసలోళ్ల పింఛనూ పోతాది. ఏం, మీ నాయన భూములు గాని కొంటాండాడా?"

"కొంటాండాడు. విమానం గూడా చూస్తాండాడు," అన్నాను. గీతాంజలి నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

అవ్వకు ఒకటో తారీఖంటే పండగే. ఆ రోజు పొద్దున్నే తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని అరుగు మీద కూర్చుంటుంది. పింఛను చేతికి రాగానే ఆకూ వక్కా, రక్తపోటు మాత్రలు, నాకొక మూర కనకాంబరాలు. ఆమె ఎవరినీ అడగకుండా ఖర్చు పెట్టుకునేది అదొక్కటే.

గీతాంజలి చెప్పింది నాయనకు చెప్పాను. నాయన చొక్కా తగిలించి, దాని జేబు వైపు చూస్తూ నిలబడ్డాడు. "ఆదివారం హిందూపురం పోవాల. సారు డాక్టరుకు చెప్పిపెట్టినాడు," అన్నాడు.

ఆదివారం సారు ముందు సీట్లో కూర్చుని, అవ్వనూ నన్నూ వెనక కూర్చోబెట్టాడు. హైవే మీద ఉన్నంతసేపు ఆయన నిద్రపోయాడు. సోమందేపల్లి దగ్గర హిందూపురం దారికి తిరిగాక ఒక గుంతలో కారు ఎగిరింది. సారు కళ్లు తెరిచాడు.

"చూడు ఓబుళప్పా, ఈ రోడ్లకేనా మనం పన్ను కట్టేది?"

"నీకు యాడ నాయనా నొప్పి?" అంది అవ్వ. ఆ రోజు నాయన చెప్పింది ఆమె మరిచిపోయినట్టుంది.

సారు వెనక్కి తిరిగి నోరు తెరిచి చూపించాడు. పళ్లన్నీ తెల్లగా, వరసగా ఉన్నాయి. "నొప్పి ఈడ కాదవ్వా. గవర్నమెంటుకు కట్టే పన్ను."

"అదా! ఇంటి పన్నా! అది మేమూ కడతాండాము. కట్టకపోతే కుళాయి పెరికేస్తామంటారు. నువ్వు కట్టకపోతే ఏం పెరుకుతారు?"

"వాళ్లు పెరికే లోపల నేనే పెరుక్కుని పోతాండా," అని సారు గట్టిగా నవ్వాడు. అవ్వ కూడా నవ్వింది. నాయన అద్దంలో నన్ను చూసి, మళ్లీ రోడ్డు మీదికి చూపు తిప్పాడు.

సారు చెడ్డవాడు కాదు. ఆస్పత్రిలో అవ్వ చెయ్యి పట్టుకుని మెట్లు ఎక్కించాడు. డాక్టరు ఆమె నోట్లో గులాబీ రంగు ముద్ద పెట్టి కొలత తీసుకుంటుంటే తానే పక్కన నిలబడి, "అయిపోయిందవ్వా, అయిపోయింది," అంటూ ఉన్నాడు. ఇంటి దగ్గర దింపుతూ నాయనతో మాత్రం, "గురువారం రిజిస్ట్రేషను. ఆధార్ మర్చిపోవద్దు," అన్నాడు.

ఆ సాయంత్రం అన్నం ముద్దను వేళ్లతో మెత్తగా నలుపుకుంటున్న అవ్వకు అంతా విడమరిచి చెప్పాను. నాయన ఎదురుగానే తింటున్నాడు.

అవ్వ ఆ ముద్ద నోట్లో పెట్టుకుని, చిగుళ్లతో నలిపి మింగింది.

"పళ్లొచ్చి బియ్యం పోతే, ఆ పళ్లతో ఏం నమలాల్రా ఓబుళా?"

"ఇన్నేండ్లు ఆయన ఉప్పు తిన్నాముమా."

"తిన్న్యాము. ఊరికే తిన్న్యామా? నిద్రగాసి నీ కండ్లు చూడు, ఎట్లయినాయో." ఆమె గొంతులో కోపం లేదు. "నా పింఛను నాకుండనీ. ఇంగ నీ ఇష్టం."

బుధవారం నాయన ధర్మవరం వెళ్లి సారుకు చెప్పాడు. ఇంటికి వచ్చాక ఏమైందని అడిగితే, ఒక్కో మాటా బయటికి లాగాల్సి వచ్చింది.

"పింఛనెంత ఓబుళప్పా, నెలనెలా నేనేస్తా కదా అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"అది ఇంటికొచ్చి ఇస్తారు సార్ అన్నా."

"దానికి?"

"సరేలే అన్నాడు. అంతే." నాయన చెప్పులు విడిచాడు. "తిమ్మప్పను అడుగుతాడంట."

తిమ్మప్ప పెనుకొండ బయట సారు గోడౌనుకు కాపలాదారు. మా వీధిలోనే, మాకు నాలుగిళ్ల అవతల ఉంటాడు. అతని తల్లి ఉలిగమ్మ, మా అవ్వ ఒకరి ఆకు ఒకరు పంచుకునే మనుషులు. గురువారం తిమ్మప్పను రిజిస్ట్రారు ఆఫీసుకు కారులో తీసుకెళ్లింది నాయనే.

"నువ్వు చెప్పలేదా ఆయప్పకు?" అని అడిగాను.

"చెప్పినా. కార్డు పోతాదప్పా, మీ యమ్మ పింఛను పోతాదని చెప్పినా. తెలుసన్నాడు." నాయన కళ్లు మూసుకున్నాడు. "మన పేరు మింద పన్నెండెకరాలని ఒగసారన్నా రాసుంటే చూడాలనుండాది ఓబుళన్నా, అన్నాడు. ఇంగేం చెప్తాను?"

పళ్లు వచ్చాయి. సారు డబ్బు ముందే కట్టేశాడని ఆస్పత్రివాళ్లు చెప్పారు. నాయన పని పోలేదు, జీతమూ తగ్గలేదు. సారు దుబాయి వెళ్లిపోయాడు. అవ్వ ఆ పళ్లు పెట్టుకుని శనగలు నమిలి చూసింది, చిగుళ్లు ఒరుసుకుంటున్నాయని తీసి గ్లాసులో వేసింది. రోజూ కాసేపు పెట్టుకుని అలవాటు చేసుకుంది.

ఎండలు ముదిరిన తరువాత, ఒక ఒకటో తారీఖున గీతాంజలి మెషీను పట్టుకుని మా వీధికి వచ్చింది. అవ్వ వేలిముద్ర వేసి, నోట్లు కొంగులో ముడేసుకుంది. ఉలిగమ్మ కూడా తలస్నానం చేసి, ఉతికిన చీరలో మా అరుగు దగ్గరికే వచ్చి వేలు చాపింది.

"ఉలిగవ్వా, ఈ నెల నీ పేరు రాలేదు," అంది గీతాంజలి. "మీ ఇంట్లో భూమి ఎక్కువుండాదని చూపిస్తాంది."

ఉలిగమ్మ చాపిన వేలిని వెనక్కి తీసుకోలేదు. మా అవ్వ ముఖం పక్కకు తిప్పి, నోట్లోంచి పళ్లు తీసి గుప్పిట్లో దాచుకుంది.

"నిజమే కదా," అంది ఉలిగమ్మ. "మావాని పేరు మింద పన్నెండెకరాలుండాదంట." ఆమె వీధి చివర కారు అద్దం తుడుస్తున్న నాయన వైపు తిరిగింది. "ఏమప్పా ఓబుళప్పా, యాడనో సోమందేపల్లి తట్టంట కదా. నేను చూళ్లేదు. ఒగసారి కారులో తీసకపోయి చూపిస్తావా?"

నాయన తుడవడం ఆపలేదు. "సారు వచ్చినంక పోదాంలేమ్మా."

"సారు ఏంటికి? భూమి మాది కదా?"

నాయన తుడిచే గుడ్డను బకెట్టులో పిండేసి, ముసుగు గుడ్డ దులిపి, కారు మీద కప్పడం మొదలుపెట్టాడు.