బయట గొళ్ళెం లేని తలుపు

అవతలి మతంవాళ్ళ ప్రార్థనా మందిరానికి తలుపు చేసే పని నా నెత్తిన పడింది. గొడవలు సద్దుమణిగాక రెండు మతాల పెద్దలూ కూర్చుని, తగలబెట్టినవాళ్ళే బాగుచేసి ఇవ్వాలని ఒప్పుకున్నారు. దాన్ని తగలబెట్టింది మావాళ్ళు. వడ్రంగిని నేను. అయినా ఊరికే తలూపే రకాన్ని కాను. రేపటి ఉమ్మడి ప్రార్థనలో పోయినవాళ్ళ పేర్లు చదివేటప్పుడు మా తమ్ముడి పేరు ముందు చదవాలని మెలిక పెట్టాను. వాడు ఆ మందిరం మెట్ల మీదే పోయాడు. లోపల చిక్కుకున్నవాళ్ళను కాపాడబోయి కాలిపోయాడని మా వీధంతా చెప్పుకుంటుంది. అందరికంటే ఎక్కువ చెప్పింది నేనే.

మందిరం పెద్దాయన అడ్డుచెప్పలేదు. తలుపుకు బయట గొళ్ళెం మాత్రం వద్దన్నారు. దొంగలకు శ్రమ తప్పిద్దామనా అని వేళాకోళమాడాను. ఆయన నవ్వలేదు.

తలుపు బిగిస్తుంటే ఒక మడతబందు తక్కువైంది. పాత తలుపుది ఊడదీసుకుందామని వెనకగదిలోకి నడిచాను. అటు వెళ్ళొద్దని పెద్దాయన అంటూనే ఉన్నారు, నేను వింటేగా. ద్వారబంధంతో సహా కూలిన తలుపు సగం బొగ్గై గోడకు ఆనించి ఉంది. బయటివైపు గొళ్ళెం కొండీకి తగిలించి ఉంది. తాళం ఉండాల్సిన చోట ఉలి దిగ్గొట్టి ఉంది.

పిడి కాలిపోయింది, ఇనుము మిగిలింది. అంచుకు ఎడమ మూల విరిగి ఉంది. పని నేర్చుకునే రోజుల్లో దాన్ని విరగ్గొట్టింది నేనే. నాన్న నా వీపు విమానం మోత మోగించి, ఆ ఉలిని తమ్ముడికిచ్చేశాడు. వాడు దాన్ని ఎవరినీ తాకనిచ్చేవాడు కాదు, నన్ను కూడా.

వెనక్కి తిరిగితే గుమ్మంలో పెద్దాయన.

"మీకు తెలుసా?"

"వాడు ఆ ఉలి దిగ్గొడుతుంటే వీధి చివరినుంచి చూశాను. లోపల మా ఆవిడ ఉంది. నేను చేరేసరికి మంటలు లేచిపోయాయి. వాడు మళ్ళీ మెట్లెక్కాడు. గొళ్ళెం తియ్యడానికో, చూడ్డానికో నాకు తెలీదు. చూరు కూలి మీద పడింది."

ఎందుకు దాచారని అడిగాను. చెప్పి ఉంటే ఆ రోజే మా వీధి మిగిలేది కాదన్నారు. అప్పట్నుంచీ ప్రతి ప్రార్థనలోనూ తమవాళ్ళ పేర్లతోపాటు వాడి పేరూ చదువుతున్నారట. మొదట్లో పళ్ళు బిగించి చదివేవారట. ఇప్పటికీ కొన్నిసార్లు అంతేనట.

రేపు ఆ పేరు చదవొద్దని చేతులు పట్టుకుని బతిమాలాను.

"మానేస్తే ఎందుకని రెండు వైపులా అడుగుతారు మేస్త్రీ. ఏం చెబుతావు?"

రేపు ముందు వరసలో కూర్చుని వినాలి. మొదట మా తమ్ముడి పేరు, ఆ తర్వాతే ఆయన భార్య పేరు. మెలిక పెట్టింది నేనే.