పిసినారికి కడుపునిండా

ఫ్యాక్టరీ ప్రారంభోత్సవం నాడు మా బావ వేదిక మీద నిలబడి, నేను తయారుచేసిన కప్పును పైకెత్తి చూపించాడు. "మట్టిలో పాతితే మట్టిలో కలిసిపోయే ప్లాస్టిక్ అండీ ఇది. స్నానం చేస్తుంటే నాకు తట్టిన ఆలోచన," అన్నాడు. చప్పట్లు మోగాయి. "మా మరదలు కూడా పాపం బాగా కష్టపడింది. గాజు సామానంతా తనే కడిగేది," అని ముక్తాయించాడు. హాలంతా నవ్వింది. చివరి వరసలో కూర్చున్న నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

స్నానం చేస్తుంటే తట్టిందట! చక్కెర మిల్లు వెనక మురిక్కాలవలో మోకాలి లోతున దిగి ఆ సూక్ష్మజీవిని పట్టుకున్నది నేను. మా వంటింట్లో సీసాల్లో ఏళ్ళ తరబడి దాన్ని సాకింది నేను. మిల్లు పారబోసే తీపి మడ్డే దాని తిండి. మిగతా పోషకాలు తగ్గించి ఆ తీపి మాత్రం ఇస్తే, మనకి కొవ్వు పట్టినట్టు దాని ఒంట్లో ప్లాస్టిక్ పడుతుంది. రేపటి కరువు కోసం దాచుకుంటుందన్నమాట. అందుకే దానికి పిసినారి అని పేరు పెట్టాను.

బావ అంతకుముందు మోటారు పంపులు అమ్మేవాడు. మాటలు కోటలు దాటతాయి. నాకేమో కొత్తవాళ్ళ ముందు నోరు పెగలదు. పెట్టుబడి పెట్టేవాళ్ళ దగ్గరికి అతను వెళ్ళాలి, ల్యాబ్ నేను చూసుకోవాలి అనుకున్నాం. సొంత అక్క మొగుడు, నమ్మక ఏం చేస్తాను? ఫ్యాక్టరీ లేచింది, స్టీలు ట్యాంకులు దిగాయి. అవి నడవడం మొదలైన కొన్నాళ్ళకి, ఓ పొద్దున గేటు దగ్గర సెక్యూరిటీ అతను తల దించుకుని, "మేడమ్, మిమ్మల్ని లోపలికి పంపొద్దన్నారు," అన్నాడు. తడిగుడ్డతో గొంతు కోశాడు మహానుభావుడు. ఫ్రీజర్లో దాచిన పిసినారి ట్యూబులన్నీ లోపలే ఉండిపోయాయి. బయట నా దగ్గర ఒక్క చుక్క లేదు, దాన్ని పట్టిన కాలవనీ ఎప్పుడో పూడ్చేశారు.

అయితే ఒక సంగతి బావకి తెలియదు. ఇలాంటి జీవుల్ని చివర్లో పస్తు పెట్టాలని ఏ సైంటిస్టుకైనా తెలుసు. పిసినారి అలా కాదు, మొండి ఘటం. పెంచేటప్పుడు కూడా అర్ధాకలితోనే పెంచాలి. కొన్నాళ్ళు కడుపునిండా తిన్నదంటే దాచుకోవడం మరిచిపోతుంది, దాని సంతానమూ మరిచిపోతుంది. తరవాత ఎన్ని పస్తులు పెట్టినా లాభం లేదు. ఆ పని ల్యాబులో నా చేత్తో నేనే చేసుకునేదాన్ని, బావ ఆ గడప తొక్కి ఎరగడు. అతను పెట్టుకున్న కొత్తవాళ్ళు, తొందరగా పెరగాలని దాన్ని బాగా మేపుతున్నారని విన్నాను. విన్న రోజు తృప్తిగా భోంచేశాను.

ఏడాది తిరక్కముందే బావ అక్కను వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చాడు. అప్పటికి నేను కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ బతుకుతున్నాను. అతని గడ్డం మాసిపోయింది. చూడ్డానికి ఎంత బావుందో!

"మరదలా, ట్యాంకుల్లో అది కుప్పలు తెప్పలుగా పెరుగుతోంది. ప్లాస్టిక్ మాత్రం చెంచాడు కూడా రావట్లేదు."

"గాజు సామాను కడిగేదాన్ని, నాకేం తెలుస్తుంది బావా?"

"ఏదో నోరు జారాను. మనసులో పెట్టుకోకు."

"పాత ట్యూబులు ఎన్నున్నాయి?"

"ఒక్కటే మిగిలింది. రేపు దాన్నే తీస్తున్నాం. అదీ పోతే ఫ్యాక్టరీ మూసుకోవడమే. ఎలా పెంచాలో చెప్పు, నీ కాళ్ళు పట్టుకుంటా."

ఒక్కటే! అదీ పాడైతే పిసినారి ఇక లేనట్టే.

"నన్ను లోపలికి రానివ్వు బావా. దాన్ని కనిపెట్టింది నేనని నలుగురిలో చెప్పు. నేనే దగ్గరుండి పెంచుతాను."

బావ ఇబ్బందిగా నవ్వాడు. "అబ్బే, ఇప్పుడు మాట మారిస్తే నా పరువేం కావాలి? అయినా ఇంట్లోవాళ్ళ మధ్య నీదీ నాదీ ఏమిటి?"

"అంతేనంటావా?"

"అంతే మరి."

"సరే, విను. మీవాళ్ళు చివర్లో పస్తులు పెట్టి దాన్ని పాడుచేస్తున్నారు. మొదటి రోజు నుంచీ బలమైన తిండి పెట్టు. ఎంత తింటే అంత పెట్టు. కడుపు నిండితేనే కదా ఎవరైనా పనిచేసేది!"

"అదీ మాటంటే! నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను ఆ సైంటిస్టులకి," అంటూ బావ ఫోన్ చెవికి పెట్టుకుని బయటికి నడిచాడు.

అక్క లేవలేదు. "ఏమే, మన వంటింట్లో నేను దానికి ఓ చెంచా ఎక్కువ వెయ్యబోతే చెయ్యి పట్టుకు లాగావు కదే. కడుపు నిండితే చెడిపోతుందని తిట్టావు కూడానూ."

అక్క చెయ్యి పట్టుకున్నాను. "వెళ్ళి చెప్తావా?"

బయట బావ ఫోన్లో పకపకా నవ్వుతున్నాడు. అక్క గుమ్మం వైపు చూసింది. "ఆ గాజు సామాను కడిగింది నేనే. దానికి కూడా ఆయన నా పేరెత్తలేదు. చెప్పనులే," అంది. లేచి నిలబడి, "కానీ అది నువ్వు పెంచుకున్న బిడ్డ కదే. చేజేతులా చంపుకుంటావా?" అంది.

"వాడి దగ్గర బతకడం కంటే పోవడమే మేలు," అన్నాను.

ఫ్యాక్టరీకి తాళం పడిందని కొన్ని నెలలకి అక్కే ఫోన్ చేసి చెప్పింది. బావ మళ్ళీ పంపులు అమ్మడానికి తిరుగుతున్నాడట. నా కసి తీరింది. కళ్ళలో నీళ్ళు తిరిగేంతగా నవ్వాను, ఆ నవ్వులోనే ఏడుపొచ్చేసింది. బావ కోసం కాదు. పిసినారి ఇక ఈ లోకంలో ఎక్కడా లేదు, చంపింది నేనే. బావ రేపొచ్చి మళ్ళీ అడిగినా అదే మాట చెబుతాను.